జామాయిల్ మోళ్లు తీయడానికి ప్రొక్లెయిన్‌కు ఏ గ్రాపుల్ మంచిది?

అన్నగారూ, ఒడిశాలో గుణుపూరు దగ్గర జామాయిల్ కొట్టేసిన చేను సాఫు చేయడానికి మీ 20 టన్నుల ప్రొక్లెయిన్‌కు ఏ గ్రాపుల్ (బకెట్ బదులు బిగించే, దవడలతో పట్టే పరికరం) కొనాలి, జేసీబీ 3డీఎక్స్‌కు పెడితే సరిపోదా అని అడిగారు. రాయగడ చుట్టుపక్కల నేను చాలా ఏళ్లుగా చేయిస్తున్న పని ఇదే. జేకేపూర్ కాగితం మిల్లు ఉండడంతో మా వైపు జామాయిల్, సుబాబుల్ తోటలకు కొదవ లేదు. మోడుకు పిలకలొచ్చి రెండు మూడు కోతలు ఇస్తుంది. దిగుబడి పడిపోయాక జీడో పత్తో వేద్దామనుకున్న రైతుకు ఆ మోళ్లే పెద్ద తలనొప్పి.

గ్రాపుల్ బేరానికి వెళ్లే ముందు మీ బండి హైడ్రాలిక్ ఆయిల్ పైపింగ్ చూడండి. "బ్రేకర్ లైన్ ఉంది కదా, చాలు" అనేవాళ్ల మాట నమ్మొద్దు. రాళ్లు పగలగొట్టే బ్రేకర్‌కు ఆయిల్ ఒక పైపులో వెళ్లి ఇంకో పైపులో ట్యాంకుకు తిరిగొస్తే సరిపోతుంది. హైడ్రాలిక్ గ్రాపుల్‌కు దవడ తెరవడానికీ ప్రెషర్ కావాలి, మూయడానికీ కావాలి. అంటే రెండు వైపులా ప్రెషర్ ఇచ్చే లైన్ ఉండాలి. గుండ్రంగా తిరిగే రకమైతే మరో జత పైపులు లాగాలి. కర్ర లారీకెక్కించే పని ఎక్కువుంటే తప్ప ఆ ఖర్చు దండగ.

మీ పనికి మెకానికల్ గ్రాపుల్ చాలు. వెనక దవడను కడ్డీతో ఆర్మ్‌కు బిగిస్తారు, ముందు దవడను బకెట్ సిలిండరే కదుపుతుంది. కొమ్మలకు తగులుకుని తెగడానికి అదనపు హోసులే ఉండవు. పళ్ల మధ్య సందు ఉన్నదే తీసుకోండి. మోడును పట్టి రెండుసార్లు దులిపితే ఎర్రమట్టి ఆ సందుల్లోంచి జారి చేలోనే పడాలి. మా కొండవాలు చేలల్లో పైమట్టి అసలే పలచన, అది కుప్పలోకి పోతే రైతుకు మళ్లీ రాదు.

ముందు బకెట్‌తోనో రిప్పర్ పన్నుతోనో మోళ్లన్నీ పెకలించి కొన్నాళ్లు ఎండనివ్వండి. మట్టి దానంతటదే సగం రాలుతుంది. ఆ తర్వాతే గ్రాపుల్ బిగించి ఏరించండి. 3డీఎక్స్ ముందు బకెట్‌కు దవడ పెట్టిస్తే లంటానా కంప ఎత్తడానికి బాగుంటుంది కానీ, పెద్ద మోళ్ల పని దానికి అప్పగించకండి. ఇంకో మాట, పట్టాలో కిసమ్ (భూమి రకం) దగ్గర జంగల్ అని ఉంటే తహసీల్ ఆఫీసులో కనుక్కోకుండా బండి దింపొద్దు.

ఇక మెయింటెనెన్స్. రోజూ పని మొదలుపెట్టే ముందు ప్రతి పిన్నుకూ పాత నల్ల గ్రీజు బయటికొచ్చేదాకా కొత్తది కొట్టించండి. కడ్డీకి రెండు చివరలా ఉండే పిన్నులను ఆపరేటర్లు మరిచిపోతుంటారు, మీరే దగ్గరుండి చూడండి. పిన్ను ఆడుతుంటే దాని చుట్టూ ఉండే బుష్ వెంటనే మార్చాలి. ఆలస్యమైతే రంధ్రం కోడిగుడ్డులా సాగిపోయి లేత్ పని మీద పడుతుంది. మోడును పళ్లతో పట్టి బండిని పక్కకు తిప్పి లాగడం అసలు చేయనివ్వకండి. పళ్ల మొదట్లో పగుళ్లు అక్కడి నుంచే మొదలవుతాయి. వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ వైర్లు తీసేసి, ఎర్త్ క్లాంపు వెల్డింగ్ పక్కనే పెట్టించండి. దూరంగా పెడితే కరెంటు పిన్నులు, బేరింగుల గుండా పోయి వాటిని పాడు చేస్తుంది.

ఎప్పటికైనా హైడ్రాలిక్‌కు మారితే, హోస్ లీకు ఎక్కడుందో చేత్తో తడిమి చూడొద్దని ఆపరేటర్‌కు గట్టిగా చెప్పండి. అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి. ఆ ప్రెషర్‌కు ఆయిల్ చర్మంలోకి దూరిపోతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపించినా ఆపరేషన్ అవసరమయ్యే గాయం అది, ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.