ముందు ఆ కిడ్నీ మిగులుతుందా అని అడుగు

చీపురుపల్లి,
ఆదివారం రాత్రి

నాయనా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన మీ నాన్న, అదే మా అన్నయ్య స్కానింగ్ రిపోర్టు మావయ్య నాకు రెండుసార్లు చదివి వినిపించారు. ఎడమ కిడ్నీ కింది భాగంలో 3.8 సెంటీమీటర్ల గడ్డ. గ్యాస్ నొప్పి అని సోంపేటలో కడుపు స్కాన్ తీయిస్తే ఇది బయటపడింది అన్నావు. ఈ గడ్డలు ఎక్కువగా ఇలాగే, వేరే దేనికో స్కాన్ తీస్తుంటే కనబడతాయి. ఫోన్లో చెబితే కంగారులో సగం మర్చిపోతావని కాగితం మీద పెడుతున్నాను. ఆసుపత్రికి వెళ్లే రోజు మళ్లీ ఒకసారి చదువుకో.

మొదట మీ అమ్మకి ఈ మాట చెప్పు. కవిటి వైపు కిడ్నీ అనగానే అందరికీ కళ్లముందు కనిపించేది డయాలసిస్ మంచమే. వీధికి ఒకరిని అలా చూసిన ఊళ్లు మనవి. కానీ ఇది ఆ జబ్బు కాదు. మన ఉద్దానం ఊళ్లలో వచ్చే ఆ జబ్బులో రెండు కిడ్నీలూ ఏళ్ల తరబడి, నొప్పి కూడా తెలియకుండా, కొంచెం కొంచెంగా పని మానేస్తాయి. ఎందుకో ఇప్పటికీ తేలలేదు. గడ్డ సంగతి వేరు. ఒక కిడ్నీలో ఒకచోట కణాలు అదుపు తప్పి పెరుగుతాయి, మిగతా భాగం తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. డాక్టర్లు కూడా వేరే. రక్తం వడకట్టే పని ఎలా ఉందో చూసేవారు నెఫ్రాలజిస్టు. గడ్డకి ఆపరేషన్ చేసేవారు యూరాలజిస్టు, లేదా క్యాన్సర్ సర్జన్.

అయితే మనవాళ్ల విషయంలో ఈ రెండూ ఒకచోట కలుస్తాయి. అన్నయ్య రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు వడకట్టి పంపాల్సిన వ్యర్థం, 1.5 అని రిపోర్టులో ఉంది. అంటే రెండు కిడ్నీలూ ఉండగానే పని కొంత తగ్గింది. ఇప్పుడు గడ్డ ఉందని ఒకటి మొత్తం తీసేస్తే, మిగిలిన ఒక్కటీ ఎంతకాలం మోస్తుంది? నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఈ ప్రశ్న కోసమే.

మా సంగతి నీకు పైపైన తెలుసు. ఎనిమిదేళ్ల కిందట మావయ్యకి రెండు రోజులు మూత్రం ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు. వేడి చేసిందని బార్లీ నీళ్లు, కొబ్బరినీళ్లు తాగించాను. మూడో రోజుకి ఆగిపోయింది, తగ్గిపోయిందనుకున్నాం. నాలుగు నెలలకి మళ్లీ వచ్చింది. రక్తం దానంతట అది ఆగినా కారణం లోపలే ఉండిపోతుందని నాకు అప్పుడు తెలీదు. స్కాన్ తీస్తే 4.2 సెంటీమీటర్ల గడ్డ. "తీసేద్దాం, రెండో కిడ్నీ ఉంది కదా" అన్నారు. క్యాన్సర్ అన్న మాటకి కాళ్లు వణికి, ఎక్కడ చెబితే అక్కడ సంతకం పెట్టాను. ఎనిమిదో రోజుకి కుడి కిడ్నీ తీసేశారు. ఆ ఆసుపత్రి పేరు రాయను. క్యాన్సర్ మళ్లీ రాలేదు, ఆ మేలు మర్చిపోను. కానీ రెండేళ్ల తర్వాత విశాఖలో మరో సర్జన్ పాత సీడీ చూసి, "దీన్ని గడ్డ వరకే తీసి కిడ్నీ ఉంచే వీలుండేదమ్మా" అన్నారు. ఇంటికొచ్చేదాకా నేను మాట్లాడలేదు. ఇవాళ మావయ్య క్రియాటినిన్ 1.7. ఉప్పుకి లెక్క, మాత్రకి లెక్క, మూడు నెలలకోసారి రక్తపరీక్ష. ఆ రోజు ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్ల ఇంత.

ఇక నువ్వు చేయాల్సినవి. కడుపు స్కాన్ గడ్డ ఉందని మాత్రమే చెబుతుంది, అదేమిటో గట్టిగా చెప్పలేదు. దానికి నరంలోకి డై అనే మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్ కావాలి. డై ఎక్కించే ముందు క్రియాటినిన్ 1.5 అని నువ్వే నోరు తెరిచి చెప్పు, వాళ్లు అడిగేదాకా ఆగకు. అన్నయ్య షుగర్ మాత్రల పేర్లు కూడా చెప్పు. మెట్‌ఫార్మిన్ ఉంటే కొందరికి ఆపమంటారు. డై పడదనుకుంటే ఎంఆర్ఐ తీస్తారు. కిడ్నీలో కనిపించిందల్లా క్యాన్సర్ కాదు. ఉత్త నీటి తిత్తులు ఉంటాయి, కొవ్వు కలిసిన మామూలు గడ్డలు ఉంటాయి. నాలుగు సెంటీమీటర్ల లోపు గట్టి గడ్డల్లో కూడా అయిదింట ఒకటి వరకు ఏ ప్రమాదమూ లేనివే ఉంటాయి. అందుకే సీటీ వచ్చేదాకా చుట్టాలందరికీ ఫోన్లు చేయకండి.

సూది గుచ్చి ముక్క తీస్తే క్యాన్సర్ పాకిపోతుందని మీ పక్కింటాయన అన్నాడట. అలా జరగడం చాలా చాలా అరుదు. అసలు కిడ్నీ గడ్డకి చాలాసార్లు బయాప్సీ, అంటే ఆ ముక్క పరీక్ష, లేకుండానే ఆపరేషన్ చేస్తారు, సీటీలోనే అంత స్పష్టంగా తెలుస్తుంది కాబట్టి. తేల్చుకోలేనప్పుడు, ఆపరేషన్ వద్దనుకుని వేరే దారి చూసేటప్పుడు, లేదా జబ్బు వేరేచోటికి పాకి మందులు మొదలుపెట్టేటప్పుడు ముక్క తీస్తారు. అడిగితే భయపడకు, అడగకపోతే అనుమానపడకు.

సీటీతో పాటు ఊపిరితిత్తులకీ స్కాన్ తీస్తారు, అక్కడికి పాకిందేమో చూడటానికి. ఏడు సెంటీమీటర్ల లోపు ఉండి కిడ్నీ దాటకపోతే మొదటి దశ అంటారు. నాలుగు లోపు అయితే అందులోనూ చిన్న తరగతి. కిడ్నీ దాటని దశలో దొరికినవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా అయిదేళ్లు దాటి బతుకుతున్నారు. ఈ మాట అన్నయ్యకి నువ్వే చెప్పు, నీ నోటితో.

ఇప్పుడు అసలు ప్రశ్న. సర్జన్ ఎదురుగా కూర్చుని ఇలా అడుగు: "సార్, గడ్డ వరకే తీసి కిడ్నీ ఉంచగలరా? ఉంచలేమంటే ఎందుకో సీటీలో చూపిస్తారా?" దీన్ని పార్షియల్ నెఫ్రెక్టమీ అంటారు. కిడ్నీకి వెళ్లే రక్తనాళాన్ని కాసేపు బిగించి, గడ్డని చుట్టూ కొంచెం మంచి కండతో సహా తీసి, కోసినచోట కుట్లు వేస్తారు. మొత్తం తీయడం కంటే ఇది కష్టమైన పని. రక్తం పోవచ్చు, కుట్ల దగ్గర మూత్రం కారొచ్చు. అందుకే చేయి తిరిగినవాళ్లు కావాలి. "ఇలాంటివి మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు?" అని మర్యాదగానే అడుగు. తప్పేం లేదు, మంచి డాక్టరు కోప్పడరు. రోబో అని, లాప్రోస్కోపీ అని ఖర్చు లెక్కలు చెబుతారు. నా ఉద్దేశంలో యంత్రం కంటే దాన్ని పట్టుకున్న చేయి ముఖ్యం. గడ్డ పెద్ద రక్తనాళానికి మరీ ఆనుకుని ఉంటే మొత్తం తీయక తప్పదు. కారణం చూపించి చెబితే అప్పుడు ఒప్పుకో. వయసు మళ్లి గుండె బలహీనంగా ఉన్నవాళ్లకైతే చిన్న గడ్డని స్కాన్లతో కనిపెట్టుకుని ఉండటం, సూదితో దాన్ని కాల్చడం లేదా మంచులా గడ్డకట్టించి చంపడం కూడా ఉన్నాయి. అన్నయ్య ఇంకా తోటలో కాయలు మోస్తున్న మనిషి, ఆపరేషన్‌కి తట్టుకుంటాడు.

జుట్టు ఊడిపోయే కీమో గురించి మీ అమ్మ ఏడుస్తోందట. కిడ్నీ క్యాన్సర్‌కి ఆ మామూలు కీమో సరిగా పనిచేయదు, కాబట్టి సాధారణంగా ఇవ్వరు. పాకిన దశలో సునిటినిబ్, పజోపానిబ్ లాంటి మాత్రలు, నివోలుమాబ్ లాంటి ఇమ్యూనోథెరపీ ఇంజెక్షన్లు వాడతారు. మనకి ఇప్పుడు ఆ చర్చ అనవసరం.

ఎక్కడికి వెళ్లాలి? విశాఖలో గాజువాక దాటాక అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. కేజీహెచ్‌లో యూరాలజీ విభాగం ఉంది. రెండుచోట్లా చూపించినా మంచిదే. ఇలాంటి గడ్డ సాధారణంగా నెమ్మదిగా పెరుగుతుంది, రెండో అభిప్రాయానికి రెండు మూడు వారాలు పడితే కొంప మునగదు. అలాగని ఆరు నెలలు కూర్చోకూడదు. క్రియాటినిన్ విషయం పలాసలో 2023 డిసెంబరులో తెరిచిన కిడ్నీ ఆసుపత్రిలో నెఫ్రాలజిస్టుకి చూపించి, ఆ చీటీ ఫైల్లో పెట్టు. రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు తీసుకెళ్లు. ఆరోగ్యశ్రీకి ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు. ఆపరేషన్‌కి ముందే అనుమతి రావాలి, డబ్బు కట్టేశాక తిరిగి రాదు. సీటీ ఫిల్ములతో పాటు సీడీ కూడా అడిగి తీసుకో. రెండో డాక్టరుకి పనికొచ్చేది అదే.

అన్నయ్యకి చెప్పొద్దని మీ అమ్మ అంటోంది. నేనూ అదే చేశాను. మావయ్యకి 'చిన్న గడ్డ' అని చెప్పి ఫైలు బీరువాలో దాచాను. ఆపరేషన్ అయిన పదో రోజు ఆయనే ఫైలు తీసి 'కార్సినోమా', అంటే క్యాన్సర్ అన్న మాట చదువుకున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు, కానీ వారం రోజులు సరిగా అన్నం తినలేదు. తన ఒంటి సంగతి తనకే చివర తెలిసిందన్న బాధ అది. సీటీ వచ్చాక నువ్వు పక్కన కూర్చుని చెప్పు. మనం అనుకునే కంటే వాళ్లు గట్టివాళ్లు.

చుట్ట ఈ రోజే మానిపించు. మీ నాయనమ్మ అడ్డపొగ, చుట్ట నిప్పు కొసని నోట్లో పెట్టుకుని కాల్చడం, చూసి పెరిగిన ఇల్లు కాబట్టి తేలిగ్గా తీసుకుంటారు, కానీ పొగకీ కిడ్నీ క్యాన్సర్‌కీ సంబంధం ఉంది. నడుం నొప్పికి మందుల షాపులో కొనుక్కునే డైక్లోఫెనాక్ మాత్రలు ఇంట్లో కనబడకూడదు, అవి కిడ్నీని తినేస్తాయి. గడ్డ కరిగిస్తామని పసర్లు, భస్మాలు తెచ్చేవాళ్లు వస్తారు. గుమ్మంలోంచే పంపించేయండి. బీపీ రోజూ చూసి రాయి.

ఆపరేషన్ అయ్యాక తీసిన గడ్డ రిపోర్టు వస్తుంది. కణం ఏ రకం, గ్రేడు ఎంత అంటే అదెంత చురుకైనది, అంచుల్లో క్యాన్సర్ మిగిలిందా లేదా, ఈ మూడూ చూసి నాకు ఫోన్ చెయ్యి. తర్వాత కొన్నేళ్లు వాళ్లు చెప్పిన తేదీకి స్కాన్ తీయించాలి. ఒంట్లో బాగుందని ఒక్కటి కూడా మానకూడదు.

సీటీ రిపోర్టు రాగానే చెప్పు. మీరు సోంపేటలో విశాఖ వెళ్లే పాసింజరు ఎక్కండి, మేమిద్దరం చీపురుపల్లిలో ఎక్కుతాం. మావయ్య పాత ఫైలు కూడా తెస్తారు, ఆయనే అన్నయ్యతో మాట్లాడతానంటున్నారు. మధ్యాహ్నానికి భోజనం క్యారేజీ నేను కట్టి తెస్తాను, ఉప్పు తక్కువ వేసి. మీ అమ్మని వంట పెట్టుకోవద్దను.

మీ అత్త