హార్డ్ డిస్క్ కనిపించనప్పుడు: మేనకోడలికి ఒక ఉత్తరం

తల్లీ,

నీ లాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ కనిపించడం లేదని నిన్న రాత్రి నువ్వు చెప్పాక సరిగా నిద్ర పట్టలేదు. పదమూడేళ్ళ లాప్‌టాప్ పోతే పోయింది, కొత్తది కొనుక్కోవచ్చు. కానీ అందులో మా అమ్మ ఆవకాయ కలుపుతున్న వీడియో ఉందన్నావు, దానికి మరో కాపీ ఎక్కడా లేదన్నావు. అందుకే ఫోనులో హడావిడిగా చెప్పినవి పక్కన పెట్టి, కూర్చుని నిదానంగా రాస్తున్నాను. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని చేస్తున్నవాణ్ణి, నేను చెప్పిన వరుస మాత్రం తప్పకు.

ముందు చెవి పెట్టి విను. ఫ్యాను ఆపి, లాప్‌టాప్ ఆన్ చేసి, టైపు చేసేటప్పుడు మణికట్లు ఆనించే చోట చెవి పెట్టు. నీ హార్డ్ డిస్క్‌లాంటి వాటిలో డేటా దాచే గుండ్రటి పళ్ళేలు సాధారణంగా నిమిషానికి 5400 సార్లు తిరుగుతాయి. సన్నగా జుమ్మనే చప్పుడు, వేళ్ళకు తగిలే చిన్న వణుకు ఉంటే మంచి కబురే. అసలు ఏ చప్పుడూ లేకపోతే దానికి కరెంటు అందకపోయి ఉండవచ్చు. అలా కాక 'టక్, టక్, టక్' అని ఒకే లయలో కొట్టుకుంటుంటే మాత్రం వెంటనే ఆపేయి, మళ్ళీ ఆన్ చేయకు. చదివే తల ఆ పళ్ళెం మీద వెంట్రుక మందంలో వెయ్యో వంతు కన్నా తక్కువ ఎత్తున తేలుతూ ఉంటుంది. అది దెబ్బతిన్నాక డిస్క్ తిరిగే ప్రతి నిమిషమూ పళ్ళెం మీది పూతను గీసేయవచ్చు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. పని నేర్చుకున్న తొలి రోజుల్లో ఒక మాస్టారు కూతురి పెళ్ళి ఫోటోలున్న డిస్క్ తెచ్చి ఇచ్చారు. ఆ చప్పుడు వింటూనే, ఇంకొక్కసారి చూద్దామంటూ పది పన్నెండు సార్లు ఆన్ చేశాను. పొద్దున కొన్ని ఫోల్డర్లు చూపించిన డిస్క్ సాయంత్రానికి ఏమీ చూపించలేదు. మాస్టారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. అలాంటి డిస్క్‌ను ఫ్రీజర్‌లో పెడితే బాగవుతుందని ఎవరైనా చెబుతారు, వినకు. బయటికి తీయగానే దానికి చెమ్మ పడుతుంది.

టకటకలు లేకపోతే బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందే లేచి లోపలి భాగాలను సరిచూసుకునే ప్రోగ్రాంలోకి వెళ్ళు. ఆన్ చేసిన వెంటనే ఎఫ్2 గానీ ఎఫ్10 గానీ నొక్కుతూ ఉండు, కొన్నింటిలో ఎస్కేప్ లేదా డిలీట్. అక్కడ ముందు డిస్క్ పేరు కోసం వెతకకు, తేదీ చూడు. తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోయి ఉంటే లోపలి చిన్న గుండ్రటి బ్యాటరీ అయిపోయినట్టే. 3 వోల్టుల బిళ్ళ అది, కొత్తది తక్కువ ధరకే దొరుకుతుంది. అది అయిపోతే బయోస్ సెట్టింగులన్నీ మరచిపోయి, ఫ్యాక్టరీలో ఉన్న స్థితికి వెళ్ళిపోతుంది. విండోస్‌ను లెగసీ అనే పాత బూట్ పద్ధతిలో ఎక్కించి ఉండి, బయోస్ యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతికి మారిపోతే, నిక్షేపంలాంటి డిస్క్ ఉన్నా 'బూట్ డివైస్ లేదు' అంటుంది. సాటా మోడ్, అంటే డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి, ఏహెచ్‌సీఐ నుంచి మరొకదానికి మారితే విండోస్ లేవకుండా నీలం తెర వస్తుంది. కాబట్టి డిస్క్ పేరు, సైజు బయోస్‌లో సరిగ్గా కనిపిస్తే ముందు ఈ రెండు సెట్టింగులూ చూడాలి. ఏది మార్చినా, మార్చే ముందు తెరను ఫోనుతో ఫోటో తీసి పెట్టుకో.

బయోస్‌లో కూడా పేరు లేకపోతే అప్పుడు విప్పాలి. చార్జర్ తీసేయి, బ్యాటరీ తీసేయి, పవర్ బటన్‌ను పదిహేను సెకన్లు నొక్కి పట్టుకో. స్టార్ స్క్రూడ్రైవర్ సరైన సైజుది తీసుకో, లేకపోతే స్క్రూ తల అరిగిపోతుంది. ఒక తెల్ల కాగితం మీద లాప్‌టాప్ అడుగుభాగం బొమ్మ గీసి, తీసిన ప్రతి స్క్రూనూ దాని చోటే టేపుతో అంటించు. స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు. పొడుగుది పొట్టి రంధ్రంలో బిగిస్తే బోర్డుకే దిగుతుంది.

డిస్క్‌ను పైకి ఎత్తకు, కనెక్టర్‌కు ఎదురుగా అడ్డంగా జరుపు. చివర రెండు నాలుకలు కనిపిస్తాయి: పొట్టిదాంట్లో 7 పిన్నులు డేటాకు, పొడుగుదాంట్లో 15 పిన్నులు కరెంటుకు. వాటి మీద పచ్చటి చిలుముగానీ దుమ్ముగానీ ఉంటే మెత్తటి పొడి బ్రష్‌తో తుడువు. మీ కాకినాడ ఉప్పు గాలికి ఇది మామూలే. ఆ కాలపు లాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్క్ నుంచి బోర్డుకు కాగితంలాంటి నల్లటి పల్చటి కేబుల్ ఉంటుంది. దాని మడత దగ్గర వెలుతురు పెట్టి చూడు. తెల్లటి గీతో, నలిగిన ముడతో కనిపిస్తే నా అనుమానం ముందు దాని మీదే. డిస్క్ పోయిందని నా దగ్గరికి వచ్చినవాటిలో ఎన్నో ఈ కేబుల్ మారిస్తే లేచి కూర్చున్నాయి.

తీసి మళ్ళీ పెట్టినా కనిపించకపోతే, సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్ కొని, డిస్క్‌ను మీ తమ్ముడి లాప్‌టాప్‌కు తగిలించు. తిరగడం మొదలుపెట్టే క్షణంలో పాత డిస్క్ ఎక్కువ కరెంటు లాగుతుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లే, దానికి చాలకపోవచ్చు. లోపల నీలం రంగు ఉండే 3.0 పోర్టుకే పెట్టు.

ఇక్కడే అందరూ పొరపాటు చేస్తారు, జాగ్రత్త. తగిలించగానే 'ఈ డిస్క్‌ను వాడాలంటే ఫార్మాట్ చేయాలి' అని విండోస్ అడగవచ్చు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 'ఇనిషియలైజ్' అని అడగవచ్చు. రెండింటికీ క్యాన్సిలే. కొత్త డిస్క్‌కైతే ఆ ప్రశ్నలు సహజం, నువ్వు పెట్టింది కొత్తది కాదు. డిస్క్ బాగుచేసే చెక్‌డిస్క్ కూడా నడపకు, అది డిస్క్ మీదే రాస్తుంది. ఫోల్డర్లు కనిపిస్తే ముందు అమ్మ వీడియో, తర్వాత ఫోటోలు, ఆ తర్వాతే నీ ఆఫీసు కాగితాలు కాపీ చేసుకో. కాపీ మధ్యలో నిలిచిపోతూ ఉంటే అక్కడితో ఆపేయి. లినక్స్‌లో డీడీరెస్క్యూ అని ఒక ప్రోగ్రాం ఉంది, తేలిగ్గా వచ్చే భాగాలు ముందు లాగి, మొండికేసేవాటిని చివరికి వదులుతుంది. ఆ పని నేను చేస్తాను.

కొత్త ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే పళ్ళేలు లేని డిస్క్, కొనే సంగతి తర్వాత. కొంటే 2.5 అంగుళాల సాటాదే కొను. సన్నటి కర్రలా ఉండే ఎన్‌వీఎంఈ రకం నీ లాప్‌టాప్‌లో పట్టదు.

డిస్క్ తీసుకుని ఇక్కడికి రావలసి వస్తే గట్టి డబ్బాలో గుడ్డ మెత్తగా వేసి అందులో పెట్టు. బస్సు డిక్కీలో వేయకు, ఒళ్ళో పెట్టుకుని రా. ఈ రాత్రికి బయోస్ తెర ఫోటో ఒకటి పంపు, తేదీ కనిపించేలా.

మీ మామయ్య