పెసలు మొలిచాయి సరే, పళ్లాలు ఎన్ని?

ప్రశ్న: మేము బి.ఎస్సీ. రెండో సంవత్సరం చదువుతున్నాం. పెసలను గోరువెచ్చని నీళ్లలో నానబెడితే ఎక్కువ మొలకలు వస్తాయా అన్నది మా ప్రాజెక్టు. 60 గింజలను గోరువెచ్చని నీళ్లలో, మరో 60 గింజలను మామూలు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డ పరిచిన రెండు పళ్లాల్లో వేశాం. ల్యాబులో స్థలం చాలక మొదటిదాన్ని కిటికీ దగ్గర, రెండోదాన్ని బీరువా పక్కన పెట్టాం. మూడో రోజుకు మొదటి పళ్లెంలో 54, రెండోదానిలో 45 మొలిచాయి. వచ్చిన సంఖ్యలు అంచనాలకు ఎంత దూరంగా ఉన్నాయో కొలిచే కై-వర్గ పరీక్ష చేస్తే నాకు 4.68 వచ్చింది. పట్టికలో 0.05 స్థాయికి ఉన్న 3.84 కంటే ఇది ఎక్కువ కాబట్టి శూన్య పరికల్పనను తిరస్కరించాను. నా స్నేహితురాలు యేట్స్ సవరణతో చేస్తే 3.69 వచ్చింది, ఆమె ‘తేడా లేదు’ అని రాసింది. రికార్డులో ఏది ఉంచాలి?
– ఒక విద్యార్థిని, రాజమహేంద్రవరం

జవాబు: మీ ఇద్దరి లెక్కల్లోనూ తప్పు లేదు. నీళ్ల వేడికీ మొలకలకూ ఏ సంబంధమూ లేదన్నదే మీ శూన్య పరికల్పన. అదే నిజమైతే, మొత్తం మొలిచిన 99 గింజలు రెండు పళ్లాలకూ 49.5 చొప్పున, మొలవని 21 గింజలు 10.5 చొప్పున పంచుకున్నట్టు ఉండాలి. మీకు వచ్చిన నాలుగు సంఖ్యలూ ఈ అంచనాలకు సరిగ్గా 4.5 దూరంలో ఉన్నాయి. ఆ 4.5 వర్గాన్ని ఒకసారి 49.5తోనూ మరోసారి 10.5తోనూ భాగించి కలిపి, పళ్లాలు రెండు కాబట్టి రెట్టింపు చేస్తే 4.68 వస్తుంది. గింజల లెక్క ఒకటి, రెండు అంటూ మెట్లు మెట్లుగా సాగుతుంది, కై-వర్గ వక్రరేఖ మాత్రం నున్నగా ఉంటుంది. ఈ పొసగనితనాన్ని సర్దడానికే గణాంకవేత్త ఫ్రాంక్ యేట్స్ 1934లో, వర్గం చేసే ముందు ఆ దూరంలోంచి అర తీసేయమని సూచించారు. అలా 4.5 కాస్తా 4 అయింది, 4.68 కాస్తా 3.69కి దిగింది.

పి విలువల్లో చెప్పుకుంటే మీది సుమారు 0.03, ఆమెది సుమారు 0.055. అంటే వేడి ప్రభావం అసలు లేకపోయినా, కేవలం యాదృచ్ఛికంగా ఇంత తేడా గానీ ఇంతకు మించిన తేడా గానీ రావడానికి నూటికి మూడు పాళ్లు అవకాశముందని మీ లెక్క, అయిదున్నర పాళ్లని ఆమె లెక్క. ఈ రెండింటి మధ్య ఉన్న దూరం చాలా తక్కువ. 0.05 అనే గీత వాటి నడుమ పడడం వల్లనే అవి ఎదురెదురు తీర్పులుగా కనిపిస్తున్నాయి. ఆ గీతను 1925లో గణాంకవేత్త రొనాల్డ్ ఫిషర్ సౌకర్యం కోసం సూచించారు. పాఠ్యపుస్తకాలు దాన్ని శాసనంగా మార్చేశాయి. మీ అంచనా సంఖ్యల్లో కనిష్ఠమైనది 10.5 కాబట్టి యేట్స్ సవరణ ఇక్కడ తప్పనిసరి కాదనీ, అది అవసరానికి మించి జాగ్రత్త పడుతుందనీ నా అభిప్రాయం. మీ స్నేహితురాలి లెక్క కంటే ఆమె వాక్యంతోనే నాకు పేచీ. పి విలువ 0.05 దాటినంత మాత్రాన ‘తేడా లేదు’ అని రాయకూడదు, ‘శూన్య పరికల్పనను తిరస్కరించడానికి తగిన ఆధారం దొరకలేదు’ అని రాయాలి.

ఇంతవరకూ లెక్క గురించి. అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపింది 4.68 కాదు, కిటికీ. ప్రతి గింజా తక్కినవాటితో సంబంధం లేకుండా మొలిచిందో లేదో తేలుతుందన్న నమ్మకం మీదే కై-వర్గ పరీక్ష నిలబడుతుంది. ఒకే తడిగుడ్డ మీద పక్కపక్కన ఉన్న 60 గింజలు అలా ఉండవు: గుడ్డ ఒక మూల ఆరిపోతే ఆ మూల గింజలన్నీ మొండికేస్తాయి, ఒక గింజకు బూజు పడితే పొరుగు గింజలకూ అంటుకుంటుంది. పైగా గోరువెచ్చని నీళ్ల పళ్లేనికే కిటికీ దగ్గరి గాలీ వెలుతురూ అందాయి. నీళ్ల వేడి వల్ల తొమ్మిది గింజలు ఎక్కువ మొలిచాయో, కిటికీ వల్ల మొలిచాయో ఈ సంఖ్యలను ఎంత పిండినా తేలదు. మీరు 120 గింజలు లెక్కపెట్టిన మాట నిజమే గాని, ప్రయోగం దృష్ట్యా మీ దగ్గర ఉన్నవి రెండు పళ్లాలే. ప్రయోగం ముగిశాక గణాంకవేత్తను సంప్రదించడం తరచు శవపరీక్ష చేయమని అడగడమే అవుతుందని, ప్రయోగం దేనివల్ల పోయిందో మాత్రం ఆయన చెప్పగలడేమోనని ఫిషర్ 1938లో మన దేశంలోనే జరిగిన గణాంక సదస్సులో అన్నారు. మాట కటువే, ఇక్కడ సరిపోతుంది.

పెసలు ఖరీదైనవి కావు, మూడు రోజులు పెద్ద ఆలస్యమూ కాదు, కాబట్టి మళ్లీ చేయండి. ఈసారి అవే 120 గింజలను 15 చొప్పున ఎనిమిది చిన్న పళ్లాలకు పంచండి. ఏ నాలుగింటికి గోరువెచ్చని నీళ్లో చీటీలు వేసి తేల్చండి. బల్ల మీద ఏది ఎక్కడ ఉండాలో కూడా చీటీలే చెప్పాలి. అన్నింటినీ ఒకే గిన్నెలో నానబెడితే పాత చిక్కే తిరిగి వస్తుంది కాబట్టి ఎనిమిది గ్లాసులు వేరువేరుగా వాడండి. మొలక ఎంత పొడవుంటే మొలిచినట్టో, ఉదాహరణకు 2 మిల్లీమీటర్లు అని, ముందే అనుకోండి. లెక్కపెట్టేవారికి పళ్లెం మీద అంకె తప్ప మరేమీ కనిపించకూడదు.

ఎనిమిదే ఎందుకంటే, పాలు ముందు పోశారో టీ ముందు పోశారో రుచి చూసి చెప్పగలనన్న ఒక మహిళ కథను ఫిషర్ 1935లో రాశారు. ఆమె ముందు పెట్టిన కప్పులు ఎనిమిది, అందులో పాలు ముందు పోసినవి నాలుగు. ఎనిమిదింటిలోంచి నాలుగింటిని ఏరడానికి 70 మార్గాలున్నాయి, కాబట్టి గుడ్డిగా చెప్పి అన్నీ సరిగ్గా పట్టుకునే అవకాశం 70లో ఒకటే. మీ పళ్లాలకూ ఇదే లెక్క. గోరువెచ్చని నీళ్ల పళ్లాలు నాలుగింటిలోనూ మొలకలు తక్కిన నాలుగింటినీ మించితే, అది యాదృచ్ఛికంగా జరిగే అవకాశం 70లో 1. అటూ ఇటూ రెండు దిశలూ లెక్కలోకి తీసుకుంటే 70లో 2, అంటే సుమారు 0.029. దీనికి ఏ పట్టికా అక్కర్లేదు. రెండు గుంపుల సగటులను పోల్చే టి-పరీక్షే కావాలంటే పళ్లేనికి ఒక్క సంఖ్య చొప్పున ఎనిమిది సంఖ్యలు వేసుకోండి. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (ఎనిమిది సంఖ్యల్లోంచి రెండు సగటులకు రెండు తీసేస్తే మిగిలేవి) 6, పట్టికలో చూడవలసిన విలువ 2.447. ఈ పరీక్షకు ‘స్టూడెంట్’ పేరు తగిలింది విద్యార్థుల కోసం కాదు. గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగి విలియం గాసెట్ 1908లో దాన్ని ఆ మారుపేరుతో ప్రచురించారు.

పాత ఫలితాన్ని రికార్డులోంచి కొట్టేయకండి. 90 శాతానికీ 75 శాతానికీ తేడా 15 పాయింట్లని, గింజలు స్వతంత్రమనుకుంటే 95 శాతం విశ్వాస అంతరం (అసలు తేడా ఉండగల పరిధి) సుమారు 2 నుంచి 28 వరకని, రెండు కై-వర్గ విలువలూ ఇవని, పళ్లాలు పెట్టిన చోట్లు వేరని ఉన్నది ఉన్నట్టు రాయండి. కొత్త ప్రయోగానికి ఏ పరీక్ష వాడతారో గింజలు నానబెట్టే రోజునే ఒక పేజీలో రాసి, తేదీ వేసి, ఇద్దరూ సంతకాలు చేయండి.