మీరు అడిగారు: నూటికి ఒక్క కణం

ప్రశ్న: రాల్ఫ్ స్టైన్‌మన్ డెండ్రైటిక్ కణాలను (రోగనిరోధక వ్యవస్థను మేల్కొలిపే కణాలు) 1973లోనే వర్ణించారు. నోబెల్ వచ్చింది 2011లో. అంతకాలం శాస్త్రవేత్తలు ఎందుకు సందేహించారు?

జవాబు: సందేహానికి తగిన కారణమే ఉంది. రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో స్టైన్‌మన్, జాన్విల్ కోన్ ఎలుక ప్లీహంలోని కణాలను గాజుకు అంటుకోనిచ్చి, ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోపులో చూశారు. కొమ్మలు చాస్తూ, ముడుచుకుంటూ కదిలే కణాలు కొన్ని కనిపించాయి. ప్లీహంలో అవి నూటికి ఒకటికి కాస్త అటూ ఇటూ, అంతే. పైగా క్రిములను మింగే మాక్రోఫేజ్‌లతో కలగలిసి ఉంటాయి. టి కణాలను (రోగనిరోధక పోరాటం నడిపే తెల్లకణాలు) రెచ్చగొట్టేది మాక్రోఫేజే అని అప్పట్లో చాలామంది అభిప్రాయం. అందుకే స్టైన్‌మన్ ఏ ఫలితం చూపినా, అందులో కలిసిన మాక్రోఫేజ్‌ల పనేమోనన్న అనుమానం వెంటాడేది.

ఆ అనుమానం తీరాలంటే రెంటినీ విడదీయాలి. రెండూ మొదట గాజుకు అంటుకుంటాయి. రాత్రంతా 37 డిగ్రీల దగ్గర ఉంచితే డెండ్రైటిక్ కణాలు పట్టు వదిలి తేలతాయి, మాక్రోఫేజ్‌లు వదలవు. తేలినవాటిలో మిగిలిపోయిన మాక్రోఫేజ్‌లకు యాంటీబాడీ పూసిన ఎర్రకణాలను కలిపితే, అవి చుట్టూ గుత్తిగా అతుక్కుని బరువెక్కుతాయి. అప్పుడు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి వేరుచేయొచ్చు. 1978లో మార్గరెట్ విట్మర్‌తో కలిసి చూపిందేమిటంటే, వేరే ఎలుక టి కణాలను విభజనకు పురిగొల్పడంలో ఈ కణాలు ప్లీహంలోని మిగతా ప్రధాన రకాలకన్నా కనీసం నూరు రెట్లు మిన్న. ఆ తర్వాత 33డీ1 అనే యాంటీబాడీతో, కాంప్లిమెంట్ (యాంటీబాడీ అంటిన కణాలను చంపే రక్త ప్రోటీన్లు) సాయంతో డెండ్రైటిక్ కణాలను మాత్రమే చంపి చూశారు. మిగిలిన కణాల పురిగొల్పే శక్తి బాగా పడిపోయింది. కలిపితే పెరగడం సగం రుజువే, తీసేస్తే తగ్గాలి కూడా. ఆయన పత్రాల్లో ఒక్కటే చదివే తీరిక ఉంటే, 1973 నాటిది పక్కనపెట్టి 1978 నాటిది చదవండి.

ఇంకో చిక్కు, కణాల కొరత. ఎలుక మజ్జ నుంచి జీఎం-సీఎస్ఎఫ్ అనే పెరుగుదల ప్రోటీన్‌తో వీటిని దండిగా పెంచే పద్ధతి 1992లో గానీ రాలేదు. మనిషి రక్తంలోని మోనోసైట్ల (ఒక రకం తెల్లకణాలు) నుంచి చేసే పద్ధతిని 1994లో సల్లుస్తో, లాంజవెక్కియా ఇచ్చారు. ఆ తర్వాతే ఎవరి ల్యాబులో వాళ్లు పరీక్షించుకోగలిగారు.

ప్రశ్న: ఆ పద్ధతిలోనే మోనోసైట్లను పెంచుతున్నాం. ఆరో రోజుకు సగం కణాలు ప్లేటును వదలడం లేదు. కొన్ని ఎల్‌పీఎస్ (కణాలను పరిపక్వం చేసే బ్యాక్టీరియా పదార్థం) కలపకముందే సీడీ83 (పరిపక్వతకు గుర్తు) చూపిస్తున్నాయి.

జవాబు: ఇవి రెండు వేర్వేరు జబ్బులు. గట్టిగా అంటుకున్నవి మాక్రోఫేజ్‌లుగా మారినవి. ఆ దారికి అడ్డుకట్ట వేసేది ఐఎల్-4 అనే సైటోకైన్ (కణాలకు సంకేతమిచ్చే ప్రోటీన్), కాబట్టి ముందు దాన్నే అనుమానించండి. పదేపదే కరిగించి గడ్డకట్టిస్తే దాని బలం పోతుంది. చిన్న చిన్న భాగాలుగా పంచి, ఒక్కసారే వాడండి. మిల్లీలీటరుకు పది లక్షల కణాలు, జీఎం-సీఎస్ఎఫ్ 50 నానోగ్రాములు, ఐఎల్-4 20 నుంచి 50 నానోగ్రాములు సరిపోతాయి. మూడో రోజు తాజా సైటోకైన్లతో సగం మీడియం మార్చండి. ఆరో రోజు సీడీ14 (మోనోసైట్ గుర్తు) దాదాపు మాయమై, సీడీ1ఏ (డెండ్రైటిక్ కణం గుర్తు) కనిపించాలి. సీడీ14 అలాగే ఉంటే ఆ బ్యాచ్‌తో ముందుకెళ్లకండి. అంటుకున్నవాటిని గీకి కలపకండి, పిపెట్‌తో మెల్లగా కడిగితే వచ్చేవే మీకు కావలసినవి.

ముందే సీడీ83 రావడానికి ఎక్కువగా కారణం ఎండోటాక్సిన్, అంటే తెలియకుండా కలిసిన ఎల్‌పీఎస్. సీరం, బఫర్, సైటోకైన్ మూడింటినీ ఎండోటాక్సిన్‌ను పట్టే లిమ్యులస్ పరీక్షతో చూడండి. వేడిచేసిన సీరంలో కూడా ఎండోటాక్సిన్ చావదు. 56 డిగ్రీలు దానికి లెక్కే కాదు. గట్టిగా పిపెట్ చేసి గుంపులను విడగొట్టినా కణాలు తొందరపడి పరిపక్వమవుతాయి. ఎల్‌పీఎస్ కలపని ప్లేటు ఒకటి ప్రతిసారీ పక్కన ఉండాల్సిందే.

ప్రశ్న: మరణించినవారికి నోబెల్ ఇవ్వరు కదా, ఆయనకెలా ఇచ్చారు?

జవాబు: స్టైన్‌మన్ 2011 సెప్టెంబరు 30న కన్నుమూశారు. అక్టోబరు 3న ప్రకటించేటప్పుడు కమిటీకి ఆ సంగతి తెలియదు. బతికి ఉన్నారన్న నమ్మకంతో తీసుకున్న నిర్ణయం కాబట్టి నోబెల్ ఫౌండేషన్ దాన్ని నిలబెట్టింది. క్లోమ క్యాన్సర్‌కు ఆయన తన కణాలతోనే చేసిన టీకాలు కూడా వేయించుకున్నారు. నాలుగేళ్లకు పైగా బతికారు నిజమే, కానీ శస్త్రచికిత్స, కీమోథెరపీ కూడా జరిగాయి. ఒక్క రోగిని చూసి టీకా వల్లేనని చెప్పలేం.