హెర్డ్‌మానియా చదివిన అమ్మాయి అంటార్కిటికా దాకా వెళ్లొచ్చు

ప్రశ్న: మా అమ్మాయి విశాఖలో బీఎస్సీ జువాలజీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. అంటార్కిటికా లాంటి చల్లని సముద్రాల్లో ఉండే సీ స్క్విర్ట్‌లను (నొక్కితే నీళ్లు చిమ్మే, తిత్తిలాంటి సముద్ర జీవులు) గుర్తించి, వర్గీకరించే పని చేస్తానంటోంది. బీఈడీ చెయ్యమంటే వినడం లేదు. అసలు ఇది బతుకుతెరువేనా? – ఒక తండ్రి, అనకాపల్లి

జవాబు: మీ టెన్షన్ న్యాయమైనదే. ముందే ఒక మాట చెప్పేస్తాను. ‘ధ్రువ సీ స్క్విర్ట్‌ల నిపుణులు కావాలి’ అని మన దేశంలో ఎవరూ నోటిఫికేషన్ వెయ్యరు. కానీ ఒక జీవిని కోసి చూసి దాని పేరు తేల్చగలిగే చెయ్యి ఇప్పుడు చాలా అరుదు. మీ అమ్మాయి నేర్చుకోవాల్సింది ఆ విద్య. దాంతో బతకొచ్చు.

అమ్మాయికి ఈ ఇష్టం ఎక్కడ మొదలైందో ఊహించగలను. డిగ్రీ పుస్తకంలో హెర్డ్‌మానియా అనే సీ స్క్విర్ట్ గురించి పాఠం ఉంటుంది. జంతుశాస్త్రవేత్త విలియం హెర్డ్‌మన్ పేరు మీదే దానికి ఆ పేరు పెట్టారు. 1872-76లో ప్రపంచ సముద్రాలు చుట్టొచ్చిన ఛాలెంజర్ నౌక తెచ్చిన సీ స్క్విర్ట్‌లను, దక్షిణ సముద్రాల వాటితో సహా, వర్ణించింది ఆయనే. ఒకప్పుడు వీటిని నత్తల చుట్టాలనుకునేవారు. 1866లో రష్యన్ శాస్త్రవేత్త కొవలెవ్‌స్కీ వీటి డింభకంలో (పిల్ల దశలో) పృష్ఠవంశం (నోటోకార్డ్) చూపించాక, ఇవి వెన్నెముక జీవులకు దగ్గర బంధువులని తేలింది.

అసలు పని ఎలా ఉంటుందో మీకూ తెలియాలి. ఇది బయటి నుంచి ఫొటో తీసి పేరు చెప్పే పని కాదు. పట్టుకోగానే ఈ జీవి ముడుచుకుపోతుంది. అలా ముడుచుకున్నదాన్ని ఫార్మలిన్‌లో వేస్తే లోపలి భాగాలు సరిగా కనిపించవు. అందుకే సముద్రపు నీళ్లలో మెంథాల్ పలుకులు వేసి, మెల్లగా మత్తెక్కేదాకా ఆగాలి. డీఎన్‌ఏ కోసం ఒక ముక్క ముందే ఆల్కహాల్‌లో దాచాలి. ఫార్మలిన్ తగిలితే డీఎన్‌ఏ పాడవుతుంది. తర్వాత పై తొడుగు తీసి, రంగు పట్టించి, మొప్పల సంచిని పరిచి మడతలు లెక్కపెట్టాలి. ఒక్కో వైపు నాలుగు మడతలకు మించకుండా, స్పర్శకాలు కొమ్మలు లేకుండా ఉంటే స్టైలిడే కుటుంబం. అంటార్కిటికాలో బాగా కనిపించే నెమిడోకార్పా వెరుకోసా ఇందులోదే. మడతలు అంతకంటే ఎక్కువుండి, స్పర్శకాలకు కొమ్మలుంటే సాధారణంగా పైయురిడే. కుడివైపు మూత్రపిండ సంచి ఉంటే మోల్గులిడే. ఒక్క నమూనాకు ఒక రోజు పట్టినా ఆశ్చర్యం లేదు. ఆ ఓపిక మీ అమ్మాయికి ఉందో లేదో మీకే బాగా తెలుస్తుంది.

పేరు తేలితే ఏమొస్తుందని మీరు అడగొచ్చు. అంటార్కిటికాలోని పామర్ స్టేషన్ దగ్గర దొరికే సైనాయికం అడారియానం అనే సీ స్క్విర్ట్ నుంచి పామెరొలైడ్-ఎ అనే పదార్థం తీశారు. ప్రయోగశాలలో అది మెలనోమా క్యాన్సర్ కణాలను చంపింది. పేరు తప్పు రాసుకుంటే ఆ పదార్థం కోసం మళ్లీ ఏ జీవిని వెతుకుతారు? అంటార్కిటికాలోనే కింగ్ జార్జ్ దీవిలోని పాటర్ కోవ్‌లో హిమానీనదం వెనక్కి తగ్గేకొద్దీ నీళ్లలో మట్టి పెరిగింది, నీటిని వడగట్టుకుని బతికే సీ స్క్విర్ట్‌లు తగ్గాయి. ఏ జాతి తగ్గిందో, ఏది తట్టుకుందో చెప్పాలంటే ముందు జాతులను గుర్తుపట్టాలి కదా.

ఇక దారి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో, గోవాలోనో, కొచ్చిలోనో, తమిళనాడులోని పరంగిపేట్టైలోనో సముద్ర జీవశాస్త్రంలో ఎమ్మెస్సీ, ఆ తర్వాత నెట్ పరీక్ష. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే 2023లో పెంచిన లెక్క ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000. పీహెచ్‌డీ అయ్యేసరికి అమ్మాయికి ఇరవై ఎనిమిదేళ్లు దాటొచ్చు. పెళ్లి విషయంలో ఇంట్లో ఒత్తిడి వస్తుంది, దాని గురించి ఇప్పుడే మాట్లాడుకోండి. ధ్రువ ప్రాంతాలకు మనవాళ్లను పంపేది గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం. అంటార్కిటికాలో మైత్రి, భారతి, ఆర్కిటిక్‌లో హిమాద్రి స్టేషన్లు మనకున్నాయి. అయితే ఈ పనిలో చాలా భాగం మంచు మీద కాదు, మ్యూజియంలలో దాచిన సీసాల ముందే జరుగుతుంది.

ఒక్క విషయంలో నేను గట్టిగా ఉంటాను. డీఎన్‌ఏ మాత్రమే నేర్చుకుంటే చాలదు, కత్తెర పట్టడం మాత్రమే వచ్చినా చాలదు. రెండూ వస్తే జూలాజికల్ సర్వే, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ లాంటి చోట్ల ప్రాజెక్టులకు పోటీ పడొచ్చు, కాలేజీలో పాఠం చెప్పొచ్చు. ఓడల అడుగున పేరుకునే జీవుల మీద రేవుల్లో జరిగే సర్వేలకూ ఇదే నైపుణ్యం కావాలి. బీఈడీ కావాలంటే తర్వాతైనా చెయ్యొచ్చు.

ఒక ఆదివారం మీరిద్దరూ విశాఖ ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లండి. ఒడ్డుకు లాగిన పడవల అడుగుభాగం, నీళ్లలో నానిన తాళ్లు చూడండి. మెత్తని తిత్తిలా ఉండి, నొక్కితే నీళ్లు చిమ్మేది దొరికితే, పడవవాళ్లను అడిగి ఒకటి తెచ్చుకోండి. దాన్ని కాలేజీ ల్యాబ్‌లో కోసి, మడతలు లెక్కపెట్టి, బొమ్మ గీయమనండి. ఆ బొమ్మ నాకు పంపితే, ఎమ్మెస్సీకి ఎక్కడ దరఖాస్తు చెయ్యాలో అప్పుడు మాట్లాడుకుందాం.