ప్లేయర్ మార్చితే పాట మారుతుందా? ముందు వాల్యూమ్ సమానం చేసి వినండి

మీరు అడిగింది ఇదీ: విండోస్ ల్యాప్‌టాప్‌లో ఒకే ఫ్లాక్ ఫైలు (ధ్వనిలో ఏదీ పోకుండా కుదించిన పాట) వీఎల్‌సీలో ఒకలా, ఫూబార్2000లో ఇంకాస్త నిండుగా వినిపిస్తోంది. ఇది ప్లేయర్ మహిమేనా? పదిహేను వేలు పెట్టి డాక్ (అంకెలను ధ్వని సంకేతంగా మార్చే పరికరం, DAC) కొంటే ఇంకా బాగుంటుందా?

ఫ్లాక్ ఫైలును ఏ ప్లేయర్ విప్పినా బయటికొచ్చే అంకెలు అవే. అసలు ధ్వని తాలూకు ఎండీ5 అనే సరిచూపు సంఖ్యను మామూలుగా ఫైలు మొదట్లోనే రాసి పెడతారు కాబట్టి, విప్పినది సరిపోయిందో లేదో కంప్యూటరే లెక్కేసి చెప్పగలదు. ఆ అంకెలు ప్లేయర్ నుంచి డాక్ చేరేలోపు ఎవరో ఒకరు చెయ్యి పెడితేనే తేడా వస్తుంది. ఆ చెయ్యి ఎవరిదో పట్టుకోవాలి.

పదింట తొమ్మిదిసార్లు అది వాల్యూమే. ఒక డెసిబెల్ తేడా ఉంటే చెవికి అది "గట్టిగా ఉంది" అని తెలియదు. "నిండుగా ఉంది, స్పష్టంగా ఉంది" అనిపిస్తుంది. షోరూముల్లో ఖరీదైన యాంప్ బాగా పలకడానికి సగం కారణం ఇదే. పైగా వీఎల్‌సీలో వాల్యూమ్ 125 శాతం దాకా జరుగుతుంది. 100 దాటాక అంకెలను గుణించి పెంచుతుంది. ఈమధ్య వచ్చే సినిమా పాటల మాస్టరింగ్‌లో శిఖరాలు ఎలాగూ గరిష్ఠ స్థాయిని తాకుతూనే ఉంటాయి, ఇంకా పెంచితే వాటి తలలు తెగుతాయి. డప్పు, కిక్ డ్రమ్ మీద గరగర వినిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

కాబట్టి పోల్చే ముందు వాల్యూమ్‌ను వీఎల్‌సీలో సరిగ్గా 100 దగ్గర, ఫూబార్‌లో 0 డెసిబెల్ దగ్గర పెట్టండి. ఈక్వలైజర్, పాటల మోతాదును తనంతట సమానం చేసే రీప్లేగెయిన్, వాల్యూమ్ నార్మలైజేషన్ అన్నీ ఆపేయండి. వినే మోతాదును విండోస్ వాల్యూమ్‌తోనే తగ్గించుకోండి. తర్వాత సెట్టింగ్స్‌లో సౌండ్ పేజీకి వెళ్లి మీ అవుట్‌పుట్ పరికరం తెరిచి, ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆఫ్ చేయండి. ల్యాప్‌టాప్ కంపెనీవాళ్లు వేసిపెట్టే డాల్బీ, డీటీఎస్ లాంటి యాప్‌లు ఉంటే వాటినీ ఆపండి. బాస్ పెంచడం, చిన్న శబ్దాలను ఎత్తి చూపడం వాటి పని. నిజంగా ధ్వనిని మార్చేవి ఇవే, ప్లేయర్లు కావు.

ఇక విండోస్ మిక్సర్. మామూలు పద్ధతిలో అన్ని యాప్‌ల ధ్వనీ అక్కడ కలిసి, ఒకే శాంపిల్ రేటుకి (సెకనుకి ఎన్ని అంకెలు అనే లెక్కకి) మారి బయటికి వెళ్తుంది. సీడీ పాట 44.1 కిలోహెర్ట్జ్, మీ పరికరం 48లో ఉంటే మార్పిడి జరుగుతుంది. ఇప్పటి విండోస్‌లో ఆ మార్పిడిని చెవితో పట్టుకోవడం చాలా కష్టం. అయినా మనసు ఊరుకోకపోతే ఆ పరికరం ప్రాపర్టీస్‌లో డిఫాల్ట్ ఫార్మాట్‌ను 24 బిట్, 44100 చేయండి. ఫూబార్‌లో అయితే ప్రిఫరెన్సెస్‌లో అవుట్‌పుట్ జాబితాలో మీ పరికరం పేరు పక్కన ఎక్స్‌క్లూజివ్ అని ఉన్నది ఎంచుకుంటే మిక్సర్ పూర్తిగా తప్పుకుంటుంది. అది నడుస్తున్నంతసేపు బ్రౌజర్‌లో వీడియోకి మాట రాదు, కంగారు పడకండి.

ఇన్ని చేశాక కూడా తేడా ఉందనిపిస్తే, అది నిజమో భ్రమో తేల్చడానికి దారి ఉంది. రెండు ప్లేయర్ల అవుట్‌పుట్‌నూ ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో వాసాపీ లూప్‌బ్యాక్ (కంప్యూటర్ బయటికి పంపే ధ్వనినే రికార్డు చేసే దారి) ద్వారా 32 బిట్ ఫ్లోట్‌లో రికార్డు చేయండి. దీనికి మాత్రం ఎక్స్‌క్లూజివ్ వద్దు, మామూలు అవుట్‌పుటే పెట్టండి. రెండు ట్రాకులనూ ఒక్క శాంపిల్ కూడా అటూఇటూ కాకుండా జరిపి, ఒకదాన్ని ఇన్వర్ట్ చేసి (తరంగాన్ని తలకిందులు చేసి) కలపండి. నిశ్శబ్దం మిగిలితే రెండూ ఒకటే. పాట సన్నగా వినిపిస్తుంటే స్థాయిలోనో అమరికలోనో తేడా ఉంది. రెండు ఫైళ్లను, అంటే ఫ్లాక్‌నీ దాని ఎంపీ3నీ పోల్చాలనుకుంటే ఫూబార్‌కి ఏబీఎక్స్ కాంపొనెంట్ ఉంది, ఏది ఏదో చెప్పకుండా వినిపించి మీ చేత గుర్తుపట్టిస్తుంది. 16 ప్రయత్నాల్లో 12 సరిగ్గా చెబితే, గుడ్డిగా ఊహించి అంత తెచ్చుకునే అవకాశం 4 శాతం లోపే. 9 వస్తే మాత్రం బొమ్మా బొరుసుతో సమానం.

ఫైలు సంగతి వేరు. తెలుగు పాటల సైట్లలో "320" (సెకనుకి 320 కిలోబిట్లు) అని దొరికేవాటిలో కొన్ని 128 ఎంపీ3ని మళ్లీ 320గా మార్చినవి. స్పెక్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడండి. 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు గీత ఉంటే అది 128 సంతానమే, దాన్ని ఫ్లాక్‌గా మార్చినా పోయింది తిరిగి రాదు. పాత మోనో పాటల్లో పై స్వరాలు మెల్లగా పలచబడుతూ పోతాయి, అది టేపు, రికార్డుల స్వభావం. వాటిని నకిలీ అనకండి.

డాక్ విషయానికొస్తే, ల్యాప్‌టాప్ జాక్‌లో బుసబుస శబ్దం లేకపోతే, మీ హెడ్‌ఫోన్‌కి వాల్యూమ్ చాలినంత వస్తుంటే, పదిహేను వేల డాక్ పెద్దగా ఇచ్చేది లేదు. చూడాల్సింది అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే జాక్ లోపలి విద్యుత్ నిరోధం. ఎక్కువ డ్రైవర్లు (లోపలి చిన్న స్పీకర్లు) ఉన్న కొన్ని ఇయర్‌ఫోన్లకు ఇంపెడెన్స్ ఒక స్వరానికి 8 ఓమ్‌లు, ఇంకోదానికి 40 ఉండొచ్చు. జాక్‌ది 10 ఓమ్‌లైతే ఆ రెండు స్వరాల మధ్య 5 డెసిబెళ్ల తేడా తోడవుతుంది, ఈక్వలైజర్ పెట్టినంత పని. 1 ఓమ్ అయితే ఆ తేడా 0.8 డెసిబెల్‌కి దిగుతుంది. ఈ ఒక్క కారణంతోనే చవక యూఎస్‌బీ డాంగిల్ కూడా కొన్ని ల్యాప్‌టాప్ జాకుల కంటే బాగుంటుంది. యాపిల్ డాంగిల్ కంప్యూటర్‌లో చక్కగా పలుకుతుంది కానీ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సన్నగా పలుకుతుంది. దానిలోని వాల్యూమ్‌ను ఆ ఫోన్లు పూర్తిగా పైకి జరపకపోవడమే కారణం. మిగిలిన డబ్బు మంచి హెడ్‌ఫోన్‌కి పెట్టండి, తేడా మొదటి పాటకే తెలుస్తుంది.

బ్లూటూత్‌తో వింటున్నారా? ల్యాప్‌టాప్‌లో ఏ మీటింగ్ యాప్ అయినా హెడ్‌సెట్ మైక్ తీసుకుంటే మామూలు బ్లూటూత్ హెడ్‌సెట్లలో ధ్వని ఫోన్ కాల్ పద్ధతికి దిగి మోనో అయిపోతుంది. చాలామంది దీన్ని ప్లేయర్ మీదికి తోస్తారు. ల్యాప్‌టాప్ సొంత మైక్‌ను ఎంచుకుంటే పాట మామూలవుతుంది. ఎల్‌డాక్ (నాణ్యత ఎక్కువున్న బ్లూటూత్ ధ్వని పద్ధతి, LDAC) ఉన్న ఆండ్రాయిడ్‌లో 990 కిలోబిట్లు పెట్టుకుని జనంలో తెగుతుంటే 660కి దించండి.

యాంప్‌కి కలిపినప్పుడు హమ్మింగ్ వస్తుంటే ఛార్జర్ పీకి బ్యాటరీ మీద వినండి. ఆగిపోతే అది గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల ఎర్త్ దారులు కలిసి ఏర్పడ్డ వలయం. ల్యాప్‌టాప్, యాంప్ రెండూ ఒకే స్విచ్‌బోర్డు నుంచి ఇవ్వండి. అప్పటికీ పోకపోతే ఆప్టికల్ కేబుల్ ఉన్న దారి పట్టండి, లేదా ఆడియో లైనులో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. కొందరు ఎలక్ట్రీషియన్లు త్రీపిన్‌లో ఎర్త్ పిన్ తీసేస్తే పోతుందంటారు. హమ్మింగ్ పోతుంది నిజమే, కానీ లోపల లీకేజీ వచ్చిన రోజు యాంప్ బాడీ ముట్టుకుంటే షాక్ కొడుతుంది. ఆ పని మాత్రం చేయించకండి.