పాత జేసీబీకి ఏ ఇంజిన్ ఆయిల్ పోయాలి? నేను చేసిన తప్పుతో సహా చెబుతున్నా

మీరు అడిగింది ఇదీ: 2007 మోడల్ జేసీబీ 3డీ సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, 50 గంటలకు 2 లీటర్ల ఆయిల్ తాగుతోంది, పాత ఓనరు ఏం పోశాడో తెలియదు. మేస్త్రీ 20డబ్ల్యూ-50 అనే మందం ఆయిల్ పోస్తే పొగ ఆగుతుందంటున్నాడు. షాపు ఆయన ఖరీదైన సింథటిక్ ఆయిల్ తీసుకోమంటున్నాడు. ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటా వద్దు. 15డబ్ల్యూ-40 నంబరు, డబ్బా వెనక ఏపీఐ సీఐ-4 (డీజిల్ ఇంజిన్ ఆయిల్ నాణ్యత గ్రేడు) అని రాసి ఉన్న మామూలు మినరల్ ఆయిల్ పోయండి. దానికంటే పాత గ్రేడు సీహెచ్-4 దొరికినా మీ బండికి చాలు. ఇంజిన్ మీద ప్లేటు ఒకసారి చూసుకోండి. ఆ కాలపు 3డీల్లో ఎక్కువగా కిర్లోస్కర్ ఇంజిన్లే వచ్చేవి, జేసీబీ సొంత ఇంజిన్ తర్వాత వచ్చింది. బండి పుస్తకం దొరికితే అందులో రాసిన నంబరే ఫైనల్, నా మాట కూడా దాని తర్వాతే.

ఇక 20డబ్ల్యూ-50 సంగతి. ఇది నేను పోసి చూశాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మాది జగిత్యాల వైపు. 2015లో మిషన్ కాకతీయ (చెరువుల పూడికతీత పథకం) పనులు మొదలైనప్పుడు నేనూ ఇలాంటి పాత బండే కొన్నాను. చెరువు మట్టి కోసం ట్రాక్టర్లు బారులు తీరి ఉండేవి, పొద్దున ఎక్కిన ఆపరేటర్ చీకటి పడ్డాకే దిగేవాడు. రెండో ఎండాకాలంలో, మధ్యాహ్నం 44 డిగ్రీల ఎండలో బండి ఐడిల్‌లో పెడితే ఆయిల్ లాంపు (ఆయిల్ ప్రెషర్ తగ్గితే వెలిగేది) మిణుకు మిణుకుమనేది. రేస్ ఇస్తే ఆరిపోయేది. మేస్త్రీని అడిగితే "ఇంజిన్ అరిగింది సేటూ, మందం ఆయిల్ పోద్దాం" అన్నాడు. పోశాం. లాంపు ఆగిపోయింది. అంతేనా, అప్పటిదాకా వారానికి 2 లీటర్లు తాగే బండి తాగడమే మానేసింది! 20డబ్ల్యూ-50 మహిమ అని నలుగురు ఓనర్లకు ఫోన్ చేసి మరీ చెప్పాను.

ఒకరోజు ఆపరేటర్ ఆయిల్ మట్టం చూసే పుల్ల తీసి "సేటూ, పుల్ల మీద ఆయిల్ గీత దాటి పైకి కనబడుతోంది" అన్నాడు. మంచిదే కదా అన్నాను. అక్కడే దెబ్బతిన్నాను. పాత ఇంజిన్‌లో ఆయిల్ తగ్గాలి గానీ పెరగకూడదు. డీజిల్ పంపుకు ఉండే ఫీడ్ పంపు సీలు పోయి, డీజిల్ కొంచెం కొంచెంగా సంపులోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి) దిగుతోంది. బండి తాగిన ఆయిల్ స్థానంలో డీజిల్ నిండుతోంది, నేనేమో ఆదా అవుతోందని సంబరపడుతున్నాను. మొదట్లో లాంపు మిణుకుమన్నదీ అందుకే: డీజిల్ కలిసి ఆయిల్ పలచబడింది. మందం ఆయిల్ పోసేసరికి ఆ పలచదనం కొన్నాళ్లు బయటపడలేదు. లాంపు చెప్పిన నిజాన్ని నేనే డబ్బులిచ్చి నోరు మూయించానన్నమాట.

తర్వాత కింద నుంచి టక్ టక్ చప్పుడు. సంపు విప్పితే బేరింగ్ షెల్లుల మీద రాగి రంగు తేలింది. క్రాంకు గ్రైండింగ్‌కు కరీంనగర్ పోయింది. మంచి సీజన్‌లో 22 రోజులు బండి షెడ్డులో. ఆ సీలు ధర ఇప్పుడు తలచుకున్నా ఒళ్లు మండుతుంది.

అందుకే చెబుతున్నా, మందం ఆయిల్ మందు కాదు. లెక్క కూడా చూడండి. 100 డిగ్రీల వేడి దగ్గర 40 నంబరు ఆయిల్ చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ మధ్య ఉంటుంది, 50 నంబరుది 16.3 నుంచి 21.9 దాకా. తేడా ఉన్న మాట నిజమే, కానీ అరిగిన పిస్టన్ రింగులనూ బోరునూ (పిస్టన్ ఆడే సిలిండర్ గోడను) పూడ్చేంత తేడా కాదు. పైగా చిక్కటి ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు ఇంజిన్ పైభాగంలో వాల్వులను నొక్కే రాకర్ల దాకా ఎక్కడానికి ఆలస్యం చేస్తుంది. ఆయిల్ అందని ఆ స్టార్టింగ్ క్షణాల్లో ఇంజిన్ అరుగుతుంది. పాతకాలం మేస్త్రీలు వాడే ఒట్టి 40 నంబరు ఆయిల్‌తోనూ ఇదే ఇబ్బంది. 15డబ్ల్యూలో డబ్ల్యూ అంటే వింటర్, గడ్డకట్టే చలిలో స్టార్టింగ్‌కు సంబంధించిన కొలత. మన దగ్గర జనవరి తెల్లవారుజామున కూడా అంత చలి ఉండదు కాబట్టి 15కూ 20కీ మధ్య తల బద్దలుకొట్టుకోకండి. చూడాల్సింది వెనకున్న అంకెనే.

షాపు ఆయన చెప్పే సింథటిక్, సీకే-4 అనే కొత్త గ్రేడుది పోస్తే చెడేదేమీ లేదు, సీఐ-4 అడిగే బండ్లకు అది కూడా పనికొస్తుంది. కానీ అందులో ఆయిల్ కాలితే మిగిలే బూడిద తగ్గించింది ముఖ్యంగా పొగ గొట్టంలో ఫిల్టరు ఉండే కొత్త బండ్ల కోసం. మీ దానికి ఆ ఫిల్టరే లేదు. వారం వారం ఆయిల్ తాగే బండికి ఖరీదైన ఆయిల్ పోయడం చిల్లికుండలో పాలు పోయడమే. ఎఫ్ఏ-4 అని ఉన్నది మాత్రం ముట్టుకోవద్దు, అది కొత్త ఇంజిన్ల కోసం చేసిన పలచటి రకం. డబ్బా మీద ఎస్ అక్షరంతో మొదలయ్యే గ్రేడు ఒక్కటే ఉంటే అది పెట్రోలు బండ్లది, పక్కన పెట్టేయండి.

50 గంటలకు 2 లీటర్లు అంటే భయపడాల్సిందేమీ లేదు. అన్ని గంటల్లో మీ బండి 250 లీటర్లకు పైగానే డీజిల్ కాల్చి ఉంటుంది, దాని పక్కన ఈ 2 లీటర్లు నూటికి ఒక్క పాలు కూడా కాదు. బ్రీదర్ పైపు (ఇంజిన్ లోపలి గాలి బయటికి వదిలే గొట్టం) నుంచి పొగ గుప్పుగుప్పుమని కొడుతూ, సైలెన్సర్ నుంచి నీలం పొగ రోజంతా వస్తుంటే అప్పుడు బోరు పని గురించి ఆలోచించండి. అప్పటిదాకా పోస్తూ నడపండి, నేను అలాగే మూడేళ్లు నడిపాను.

ఆయిల్ నల్లబడగానే మార్చెయ్యాలన్నది కూడా పాత అలవాటే. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ ఒక రోజులో నల్లబడుతుంది, మసిని తనలో పట్టి ఉంచడం దాని పని. పైగా డీజిల్ మారింది. మీ బండి పుట్టిన 2007లో మన పల్లె బంకుల్లో దొరికింది భారత్ స్టేజ్-2 డీజిల్, గంధకం 500 పీపీఎం దాకా. 2020 ఏప్రిల్ నుంచి అది 10 పీపీఎంకు దిగింది. గంధకం కాలి తయారయ్యే ఆమ్లంతో ఆయిల్ పోరాడాల్సిన బాధ అంతమేరకు తగ్గినట్టే. నేను 250 గంటలకు మారుస్తాను, ఫిల్టరు కూడా అప్పుడే. దుమ్ములో పనిచేసే బండికి అంతకు మించి లాగను. అవర్ మీటర్ పనిచేయకపోతే (సెకండ్ హ్యాండ్ బండ్లలో అది పనిచేయడమే వింత) ముందు దాన్ని బాగు చేయించండి, లేదా ఒక నోట్‌బుక్‌లో కిరాయి గంటలు రాసుకోండి.

మీ విషయంలో ఒక్క మార్పు. లోపల ఏముందో తెలియదు కాబట్టి మొదటిసారి 100 గంటలకే ఆయిలూ ఫిల్టరూ మార్చండి. మంచి ఆయిల్ పాత మడ్డిని కడుగుతుంది, అదంతా ఫిల్టర్లో చేరుతుంది. కడిగాక ఒకటి రెండు చోట్ల కొత్తగా చెమ్మ కనిపించవచ్చు. అది ఆయిల్ తప్పు కాదు, అప్పటిదాకా మడ్డే సీలుగా పనిచేసిందన్నమాట.

సర్వో, మాక్, హెచ్‌పీ, క్యాస్ట్రాల్, ఏ కంపెనీ అయినా నాకు ఒకటే. ఎక్కడ కొంటున్నారన్నదే ముఖ్యం. లూజు ఆయిల్ వద్దు, సగం ధరకు వచ్చే సీలు డబ్బా అసలే వద్దు. వాడిన డబ్బాకు మేకు దించి పారేయండి. ఖాళీ డబ్బాలను మంచి రేటుకు అడిగేవాళ్లు ఎందుకు అడుగుతున్నారో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు చేయాల్సిన మొదటి పని ఇది. బండి వేడి మీద ఉండగా పాత ఆయిల్ దించి, కొలిచే డబ్బాలో పోసి చూడండి. రెండు వేళ్ల మధ్య రుద్ది వాసన చూడండి. టీ రంగులో నురగలా ఉంటే నీళ్లు కలిశాయి, హెడ్ గ్యాస్కెట్ గానీ ఆయిల్ కూలర్ గానీ చూపించాలి. డీజిల్ వాసన కొట్టినా, పుస్తకంలో రాసిన దానికంటే ఎక్కువ దిగినా, ఆయిల్ షాపుకు వెళ్లేముందు డీజిల్ పంపు మెకానిక్‌కు ఫోన్ చేయండి.